ఎ. ఎస్. హార్న్‌బీ

ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ (ఆగష్టు 10, 1898 - సెప్టెంబర్ 13, 1978) ప్రసిద్ధ ఆంగ్ల నిఘంటుకర్త, వ్యాకరణవేత్త, భాషాబోధకుడు. ఎ. ఎస్. హార్న్‌బీ అనే పేరుతో ఈయన ప్రపంచానికి సుపరిచితుడు. ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థుల కోసం వెలువడిన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి ఈయనే మూలకర్త. చదివేటప్పుడు తెలియని పదానికి అర్థం చెప్పడం వరకే నిఘంటువు పని అని భావించే కాలంలో, సొంతంగా వాక్యం, ఉత్తరం, వ్యాసం రాయబూనిన విద్యార్థికి కూడా నిఘంటువు తోడ్పడాలని తలచి ఆ పని చేసి చూపినవాడు హార్న్‌బీ. ఇంగ్లీషును రెండవ భాషగా నేర్పే ఉపాధ్యాయులకోసం పత్రికను స్థాపించాడు. తన గ్రంథాల రాబడిలో అధికభాగాన్ని అటువంటి ఉపాధ్యాయుల శిక్షణకే వినియోగించేందుకు ధర్మనిధిని ఏర్పాటు చేశాడు.

బాల్యము, విద్య

హార్న్‌బీ ఇంగ్లండు వాయవ్య భాగంలోని చెస్టర్ పట్టణంలో 1898లో జన్మించాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చదివి 1922లో పట్టభద్రుడయ్యాడు. ఆయన చదివినది ప్రధానంగా సాహిత్యం. ఇంగ్లీషును పరాయిభాషగా నేర్పడమనేది ఒక ప్రత్యేక శాస్త్రమనిగానీ, దానికి వేరే శిక్షణ అవసరమనిగానీ ఆనాటి విశ్వవిద్యాలయాలలో ఎవరూ అంతగా పట్టించుకొనేవారు కాదు. అందువలన హార్న్‌బీ ఈ విద్యను తరగతి గదిలోనే నేర్చుకోవలసివచ్చింది.

జపానులో ఉపాధ్యాయ వృత్తి

1924లో హార్న్‌బీ జపాను వెళ్ళి, క్యూషూ ద్వీపంలోని ఓయితా పట్టణంలో ఉన్నత వాణిజ్య పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. ఆయనను పిలిపించినది ఇంగ్లీషు సాహిత్యం బోధించడానికి. కాని తన విద్యార్థులకు ముందుగా కావలసినది సాహిత్యం కాదనీ, భాష అనీ ఆయన త్వరలోనే గ్రహించాడు. ఆనాటి జపాను పాఠశాలలలో ఇంగ్లీషు చదువంటే ముఖ్యంగా పాఠాన్ని జపనీసులోకి అనువదించడమే. ఆ పద్ధతిలో చదివిన విద్యార్థి కఠినమైన పుస్తకాన్ని కూడా ఓపికగా విడమరచి చెప్పగలడు గాని, సులువైన పదాలతో నాలుగు వాక్యాలు సొంతంగా రాయవలసివస్తే తడబడతాడు.

ఆ రోజులలో టోక్యోలో హెరాల్డ్ పామర్ (1877-1949) అనే ఆంగ్ల భాషావేత్త ఉండేవాడు. జపాను విద్యాశాఖకు సలహాదారుగా 1922లో వచ్చిన పామర్, 1923లో ఆంగ్లబోధనా పరిశోధన సంస్థను నెలకొల్పాడు. ఇంగ్లీషు బోధనను సంస్కరించడం, అందుకు అవసరమైన పరిశోధన జరపడం దాని ఉద్దేశాలు. హార్న్‌బీ ఓయితాలో ఉంటూనే ఆ సంస్థతో సంబంధం పెట్టుకున్నాడు. ఆయన శక్తిని గుర్తించిన పామర్ 1930వ దశకం తొలినాళ్ళలో తన పదజాల పరిశోధనలో సహాయపడవలసిందిగా ఆహ్వానించాడు. తరువాత హార్న్‌బీ టోక్యోకు నివాసం మార్చాడు. 1936లో పామర్ స్వదేశానికి వెళ్ళిపోగా, సంస్థ పరిశోధనలూ పత్రికా సంపాదకత్వమూ హార్న్‌బీ చేతిలోకి వచ్చాయి.

పదాలు, వాటి పొత్తు

పామర్, హార్న్‌బీలు కలిసి చేసిన పరిశోధనలో ముఖ్యమైనది పదాల సహవాసాన్ని గురించినది. ఏ భాషలోనైనా కొన్ని పదాలు కొన్నిటితోనే కలుస్తాయి. తెలుగులో పెద్ద వాన అంటాము. దానిని మాటకు మాటగా మార్చి ఇంగ్లీషులో 'బిగ్ రెయిన్' అని రాస్తే అర్థం తెలుస్తుంది గాని అది ఇంగ్లీషు అనిపించదు. ఆ భాషవారు 'హెవీ రెయిన్' అంటారు. ఇటువంటి కలయికలను వ్యాకరణ సూత్రాలతో ఊహించి చెప్పడం సాధ్యం కాదు. వాటిని పోగుచేసి విద్యార్థికి అందించడమొకటే మార్గం. ఈ కలయికల సేకరణతో కూడిన నివేదిక 1933లో టోక్యోలో వెలువడింది. 1937లో వెలువడిన థౌజండ్ వర్డ్ ఇంగ్లీష్ అనే పుస్తకానికి పామర్, హార్న్‌బీలు ఉమ్మడి కర్తలు. వేయి పదాలను ఎంచి, వాటితో ఎంత భాష సాధ్యమవుతుందో చూపడం ఆ పుస్తక లక్ష్యం.

నిఘంటు నిర్మాణం

ఇంగ్లీషు నేర్చుకొనే విదేశీయులకు ప్రత్యేకించిన నిఘంటువు హార్న్‌బీకి పూర్వమే ఒకటి వచ్చింది. అవిభక్త బెంగాల్‌లోని ఢాకాలో విద్యాశాఖలో పనిచేసిన మైకేల్ వెస్ట్ (1888-1973), జె. జి. ఎండికాట్‌తో కలిసి 1935లో న్యూ మెథడ్ ఇంగ్లీష్ డిక్షనరీని ప్రచురించాడు. అందులో సుమారు 24,000 పదాలకూ పదబంధాలకూ 1,490 పదాలనే వాడి అర్థాలు చెప్పారు. భారతీయ విద్యార్థికి మొదట కావలసినది చదివే శక్తి అని వెస్ట్ నమ్మకం. కాబట్టి ఆ నిఘంటువు పాఠకునికోసం తయారైనది. 1938లో పామర్ ప్రచురించిన గ్రామర్ ఆఫ్ ఇంగ్లీష్ వర్డ్స్ దీనికి భిన్నమైనది. అందులో ఉన్నవి వేయి పదాలే గాని, ఒక్కొక్క పదం వాక్యంలో ఎలా నిలుస్తుందో అది వివరించింది.

ఈ రెండు దారులనూ కలిపి, పూర్తి స్థాయి నిఘంటువును రాసేవాని అవసరాలకు అనుగుణంగా నిర్మించాలని హార్న్‌బీ సంకల్పించాడు. 1937లో పని ప్రారంభమైంది. జపానులోనే ఇంగ్లీషు బోధిస్తున్న ఇ. వి. గేటెన్‌బీ, హెచ్. వేక్‌ఫీల్డ్ ఆయనకు సహకర్తలు. మూడేళ్ళ కృషి తరువాత 1940లో రచన ముగిసింది.

ఇంతలో ప్రపంచ పరిస్థితులు మారిపోయాయి. 1941 డిసెంబరులో పెరల్ హార్బర్ పై దాడితో జపాను, బ్రిటన్‌లు శత్రుదేశాలయ్యాయి. జపానులో ఉన్న ఇతర బ్రిటిష్ పౌరులవలె హార్న్‌బీ కూడా నిర్బంధానికి లోనయ్యాడు. అయినా టోక్యోలోని కైతకుషా ప్రచురణ సంస్థ పని ఆపలేదు. శత్రుభాషకు చెందిన నిఘంటువును, శత్రుదేశస్థుల పేర్లతోనే, యుద్ధం ముమ్మరంగా సాగుతున్న 1942లో ప్రచురించింది. దాని పేరు ఇడియమేటిక్ అండ్ సింటాక్టిక్ ఇంగ్లీష్ డిక్షనరీ. నుడికారాన్నీ వాక్యనిర్మాణాన్నీ చెప్పే నిఘంటువు అని ఆ పేరుకు అర్థం. అదే సంవత్సరం హార్న్‌బీ జపాను విడిచి స్వదేశం చేరుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ జపాను జీవితం అంతటితో ముగిసింది.

రాసేవానికి నిఘంటువు ఎలా తోడ్పడింది

హార్న్‌బీ నిఘంటువులో పదాల పుట్టుపూర్వోత్తరాలకు చోటు లేదు. వాడుక తప్పిన పదాలను తగ్గించి, ఆ స్థలాన్ని వాడుకలోని పదాల ప్రయోగానికి కేటాయించారు. వ్యాసం రాసే విద్యార్థికి ఇందులో ముఖ్యంగా మూడు సహాయాలు లభించాయి.

మొదటిది నామవాచకాల విభజన. లెక్కించదగిన నామవాచకానికి 'సి' అనీ, లెక్కించరానిదానికి 'యు' అనీ గుర్తులు పెట్టారు. తెలుగులో సలహాలు, సమాచారాలు అనవచ్చు కాబట్టి తెలుగు విద్యార్థి 'అడ్వైసెస్', 'ఇన్ఫర్మేషన్స్' అని రాస్తాడు. ఇంగ్లీషులో ఆ పదాలకు బహువచనం లేదని, ముందు 'యాన్' అనే ఉపపదం కూడా చేరదని ఒక్క అక్షరం చూసి తెలుసుకోవచ్చు. ఆంగ్లేయునికి ఈ గుర్తుతో పనిలేదు, పుట్టుకతోనే తెలుసు. అందుకే ఆంగ్లేయుల కోసం రాసిన నిఘంటువులలో ఇది కనిపించేది కాదు.

రెండవది, హార్న్‌బీ కృషిలో అన్నిటికంటే ప్రధానమైనది, క్రియల వాక్యనమూనాలు. ఒక క్రియ తరువాత ఏమి రావచ్చు, ఏమి రాకూడదు అన్నదానిని పరిశీలించి ఆయన 25 నమూనాలుగా వర్గీకరించాడు. ఒక్కొక్క క్రియ పక్కన అది ఏయే నమూనాలలో ఇముడుతుందో అంకెలతో సూచించాడు. దీని ప్రయోజనం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. తెలుగులో నన్ను వెళ్ళమని చెప్పాడు, నన్ను వెళ్ళమని సలహా ఇచ్చాడు, నన్ను వెళ్ళమని సూచించాడు అనే మూడు వాక్యాలకూ ఒకే నిర్మాణం. ఇంగ్లీషులో మొదటి రెండూ 'టోల్డ్ మీ టు గో', 'అడ్వైజ్డ్ మీ టు గో' అవుతాయి. అదే వరుసలో మూడవదానిని 'సజెస్టెడ్ మీ టు గో' అని రాస్తే తప్పు. 'సజెస్టెడ్ దట్ ఐ షుడ్ గో' అనాలి. అర్థాలు దగ్గరగా ఉన్నంతమాత్రాన క్రియలు ఒకే నమూనాలో నడవవు. అలాగే నాకు వివరించాడు అనే తెలుగు వాక్యాన్ని అనుసరించి 'ఎక్స్‌ప్లెయిన్డ్ మీ' అని రాయడం పొరపాటు, 'ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ' అనాలి. గురించి చర్చించాడు అన్నదానికి 'డిస్కస్డ్ అబౌట్' అనడంలో చివరి పదం అనవసరం. ఈ దోషాలను ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో దిద్దగలడు గాని, తరువాతి వ్యాసంలో మరో క్రియతో అదే దోషం మళ్ళీ వస్తుంది. నమూనాను వెదికి చూసుకోగలిగిన విద్యార్థి రాయకముందే తనను తాను దిద్దుకోగలుగుతాడు.

మూడవది ఉదాహరణలు. అర్థం పక్కనే ఆ పదంతో వచ్చే పదబంధాలనూ చిన్నచిన్న వాక్యాలనూ ఇచ్చారు. నిత్యవ్యవహారంలోని ప్రయోగాన్ని చూపడానికి రచయితలు వాటిని కూర్చారు. విద్యార్థి వాటిని కొద్దిపాటి మార్పులతో తన రచనలో వాడుకోవచ్చు.

ఇరాన్, లండన్

1942లో ఇంగ్లండు చేరిన హార్న్‌బీని బ్రిటిష్ కౌన్సిల్ వెంటనే ఇరాన్ పంపింది. అక్కడ టెహరాన్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. 1945లో లండన్ తిరిగివచ్చి బ్రిటిష్ కౌన్సిల్‌లో భాషా సలహాదారుగా పనిచేశాడు.

1946లో ఇంగ్లీష్ లాంగ్వేజ్ టీచింగ్ అనే పత్రికను స్థాపించి, 1950 వరకు సంపాదకుడుగా ఉన్నాడు. వేరువేరు దేశాలలో ఒంటరిగా పాటుపడే ఉపాధ్యాయులు ఒకరి అనుభవం మరొకరు తెలుసుకొనేందుకు ఈ పత్రిక వేదిక అయింది. తరువాతి కాలంలో అది ఇ.ఎల్.టి. జర్నల్ పేరుతో ప్రసిద్ధి పొందింది.

1948లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం టోక్యో నిఘంటువు పుటలను ఫోటోలు తీసి, ఎ లెర్నర్స్ డిక్షనరీ ఆఫ్ కరెంట్ ఇంగ్లీష్ అనే పేరుతో పునర్ముద్రించింది. జపాను విద్యార్థులకోసం పుట్టిన గ్రంథం ఆ విధంగా ప్రపంచమంతటికీ చేరింది. 1952లో పేరులో అడ్వాన్స్‌డ్ అన్న మాట చేరింది. 1963లో రెండవ కూర్పు, ఎ. పి. కౌవీ, జె. విండ్సర్ లూయిస్‌ల సహకారంతో 1974లో మూడవ కూర్పు వెలువడ్డాయి.

బోధనా సిద్ధాంతము

హార్న్‌బీ బోధనా పద్ధతికి సందర్భాత్మక పద్ధతి అని పేరు. 1950లో తన పత్రికలో ఆయన దీనిని వివరిస్తూ వ్యాసాలు రాశాడు. కొత్త వాక్యనిర్మాణాన్ని సూత్రంగా చెప్పి వల్లె వేయించకుండా, తరగతి గదిలోని వస్తువులతో, చేతలతో ఒక సందర్భాన్ని కల్పించి, ఆ సందర్భంలో వాక్యాన్ని వినిపించి, పలికించి, ఆ తరువాతనే చదివించి రాయించాలి. నిర్మాణాలను సులభమైన వాటినుండి కఠినమైన వాటికి క్రమంగా అమర్చాలి. విద్యార్థి తగినంత సామగ్రి పోగుచేసుకోకముందే ఖాళీ కాగితం ఇచ్చి వ్యాసం రాయమంటే, మాతృభాషలో ఆలోచించి మాటకు మాట మార్చడం తప్ప అతనికి వేరే దారి ఉండదు.

1954లో ప్రచురించిన ఎ గైడ్ టు పాటర్న్స్ అండ్ యూసేజ్ ఇన్ ఇంగ్లీష్ అనే గ్రంథంలో నిఘంటువులోని వాక్యనమూనాలను విపులంగా వివరించాడు. ఈ గ్రంథం పదాలను వర్ణించడంకంటె, వాటిని వాడే పద్ధతిని నేర్పడానికి ఉద్దేశించినది. సలహా, ఉద్దేశం, ఇష్టం, అవసరం వంటి భావాలను ఇంగ్లీషులో ఎన్నెన్ని విధాలుగా వ్యక్తం చేయవచ్చో చూపే భాగం కూడా ఇందులో ఉన్నది. రాయదలచిన భావం మనసులో ఉండి, దానికి తగిన వాక్యం దొరకని విద్యార్థికి ఈ భాగం ఎంతో ఉపయోగకరం.

భారతదేశముతో సంబంధము

1950వ దశకంలో భారతదేశంలో వాక్యనిర్మాణాల క్రమాన్ని అనుసరించే బోధనా పద్ధతి ప్రవేశించింది. క్రమంగా పాఠ్యపుస్తకాలు ఆ పద్ధతిలో తయారయ్యాయి. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడి, ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణనివ్వడం ప్రారంభించింది. తరువాత సీఫెల్ అనే పేరుతో తెలుగువారికి పరిచితమైన ఈ సంస్థ 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారింది. పామర్, వెస్ట్, హార్న్‌బీల తరం కృషి ఈ పద్ధతికి పునాది. తెలుగు మాధ్యమంలో చదివి కళాశాలలో ఇంగ్లీషు మాధ్యమానికి మారిన విద్యార్థులకు, ఇంగ్లీషులోనే అర్థాలు చెప్పే నిఘంటువుగా హార్న్‌బీ గ్రంథం పరిచితం.

విమర్శలు

హార్న్‌బీ అంకెల పద్ధతి విద్యార్థులకు భారమని విమర్శ వచ్చింది. అంకె చూసి, మళ్ళీ పట్టిక వెదికి, నమూనాను గుర్తుపట్టే ఓపిక చాలామందికి ఉండదు. గుర్తులను వివరించి వాడడం నేర్పిన ఉపాధ్యాయుడు ఉన్నచోటనే ఆ సంపద అక్కరకు వచ్చింది. 1989 నాటి నాలుగవ కూర్పులో అంకెలకు బదులు అక్షరాల గుర్తులు వచ్చాయి. తరువాతి కూర్పులలో అవి మరింత సులభమయ్యాయి. 1995లో వచ్చిన ఐదవ కూర్పులో అర్థ వివరణలకు వాడే పదాలను 3,500కు పరిమితం చేశారు.

రెండవ విమర్శ మరింత లోతైనది. వాక్యాలన్నీ నిర్దుష్టంగా ఉన్నా వ్యాసం బాగుండకపోవచ్చు. 1950, 60 దశకాలలో నియంత్రిత రచన అనే పద్ధతి ప్రబలింది. ఇచ్చిన పేరాలో కాలాన్నో వచనాన్నో మార్చి రాయించడం, పట్టికలోని పదాలతో వాక్యాలు కూర్పించడం ఇందులోని అభ్యాసాలు. తప్పులు తగ్గాయి గాని, విద్యార్థి తన అభిప్రాయాన్ని సమర్థించి చెప్పడం ఇందువలన అలవడలేదు. 1966లో అమెరికా పండితుడు రాబర్ట్ కాప్లన్ వ్యాసంలో విషయాన్ని నడిపించే తీరు భాషనుబట్టి, సంస్కృతినిబట్టి మారుతుందని ప్రతిపాదించాడు. ఆ తరువాత 1970, 80 దశకాలలో ఆలోచించడం, చిత్తుప్రతి రాయడం, తిరగరాయడం అనే దశలకు ప్రాధాన్యమిచ్చే పద్ధతులు వచ్చాయి. భారతదేశంలో ఎన్. ఎస్. ప్రభు 1979 నుండి 1984 వరకు బెంగుళూరు పథకం ద్వారా, నిర్మాణాల వరుస లేకుండా సమస్యలను పరిష్కరింపజేస్తూ భాష నేర్పవచ్చునని ప్రయోగం చేశాడు. ఈ ప్రయోగాలన్నీ హార్న్‌బీ వదిలిన ఖాళీని పూరించడానికి ప్రయత్నించాయి. అయితే తిరగరాసే దశలో, ఈ క్రియ తరువాత ఏమి రావాలన్న ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది. దానికి సమాధానం నేటికీ హార్న్‌బీ నెలకొల్పిన తరహా నిఘంటువులలోనే దొరుకుతుంది.

ధర్మనిధి, చివరి దశ

1961లో హార్న్‌బీ తన గ్రంథాలపై వచ్చే రాబడితో హార్న్‌బీ ఎడ్యుకేషనల్ ట్రస్టును స్థాపించాడు. విదేశాలలోని ఇంగ్లీషు ఉపాధ్యాయులు బ్రిటన్ వచ్చి ఉన్నత శిక్షణ పొందేందుకు ఇది విద్యార్థి వేతనాలు కల్పించింది. ఏ దేశాల విద్యార్థులు పుస్తకం కొనడంవలన డబ్బు వచ్చిందో, ఆ దేశాల విద్యకే అది తిరిగి చేరాలన్నది ఆయన ఆశయం. హార్న్‌బీ స్కాలర్లుగా పిలువబడే ఈ ఉపాధ్యాయులు అనేక దేశాలలో పనిచేశారు.

ఆయన సేవలకు గుర్తింపుగా బ్రిటిష్ ప్రభుత్వం ఓ.బి.ఇ. పురస్కారం ఇచ్చింది. తాను చదివిన లండన్ యూనివర్సిటీ కాలేజీ ఫెలోగా గౌరవించింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ ఎం.ఏ. పట్టం ప్రదానం చేసింది. 1978లో ఎనభయ్యవ జన్మదిన సందర్భంగా పీటర్ స్ట్రీవెన్స్ సంపాదకత్వంలో ఒక అభినందన సంచిక వెలువడింది. అదే సంవత్సరం సెప్టెంబర్ 13న హార్న్‌బీ మరణించాడు.

ఆయన తదనంతరం కూడా నిఘంటువు కొత్త కూర్పులతో కొనసాగింది. 2020లో పదవ కూర్పు వెలువడింది. పదాలు మారాయి, గుర్తులు మారాయి, పుస్తకంతోపాటు కంప్యూటరులోనూ లభ్యమయింది. నామవాచకం పక్కన లెక్కింపు గుర్తు, క్రియ పక్కన వాక్యనమూనా, అర్థం పక్కన ఉదాహరణ అనే ప్రణాళిక మాత్రం టోక్యోలో ఏర్పడినదే.

ముఖ్య రచనలు

- థౌజండ్ వర్డ్ ఇంగ్లీష్ (హెరాల్డ్ పామర్‌తో కలిసి, 1937)
- ఇడియమేటిక్ అండ్ సింటాక్టిక్ ఇంగ్లీష్ డిక్షనరీ (గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్‌లతో కలిసి, 1942)
- ఎ లెర్నర్స్ డిక్షనరీ ఆఫ్ కరెంట్ ఇంగ్లీష్ (పై గ్రంథానికి పునర్ముద్రణ, 1948)
- ఎ గైడ్ టు పాటర్న్స్ అండ్ యూసేజ్ ఇన్ ఇంగ్లీష్ (1954, రెండవ కూర్పు 1975)
- ఆక్స్‌ఫర్డ్ ప్రోగ్రెసివ్ ఇంగ్లీష్ ఫర్ అడల్ట్ లెర్నర్స్ (మూడు భాగాలు, 1954 నుండి)
- ది టీచింగ్ ఆఫ్ స్ట్రక్చరల్ వర్డ్స్ అండ్ సెంటెన్స్ పాటర్న్స్ (నాలుగు భాగాలు, 1959 నుండి)